టెర్మినల్‌లో తెలుగు పేర్ల వరుసలు కుదరడం లేదు, దారి చెప్పగలరా?

మారతహళ్లివాసి: మా హాస్టల్ యజమానికి టెర్మినల్‌లో (అక్షరాలు మాత్రమే కనిపించే తెరలో) అద్దె బాకీలు చూపే పైథాన్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. ఆయనది నెల్లూరు, పేర్లు తెలుగులోనే కావాలన్నారు. పేరు, గది, బాకీ అనే వరుసలో కుడివైపు ఖాళీలు చేర్చే ఎల్‌జస్ట్‌ (ljust)తో పేరును 20 అక్షరాల వెడల్పుకు నింపుతున్నాను. ఇంగ్లిష్ పేర్లకు ఇబ్బంది లేదు. ‘శ్రీనివాసులు’ దగ్గరే గది నంబరు ఎడమకు జరిగిపోతోంది. బాకీదారులను ఎరుపులో చూపిస్తే మరీ అధ్వానం.

చీకటితెర: ఎరుపు గొడవ తేలిక. రంగు సంకేతాలు తెరపై కనబడవు గానీ పొడవు చెప్పే లెన్ (len) వాటినీ లెక్కిస్తుంది, ఎల్‌జస్ట్‌దీ అదే లెక్క. మొదట్లో 5 గుర్తులు, చివర 4, అంటే 9 ఖాళీలు తగ్గుతాయి. ముందు ఖాళీలు నింపి, ఆ తరువాత రంగు వేయండి.

బెళ్లందూరు పద్మ: అసలు చిక్కు తెలుగుదే. ‘తెలుగు’నే తీసుకోండి. కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 రూపంలో 18 బైట్లు, హల్లునూ గుణింతపు గుర్తునూ విడిగా లెక్కించే లెన్ చెప్పేది 6, మనం చదివేది మూడక్షరాలు. తెరపై ఎన్ని గడులు పడతాయో అంచనా వేసే, మార్కస్ కూన్ రాసిన డబ్ల్యూసీవిడ్త్ (wcwidth) పద్ధతిలో అయితే 5 గడులు! అన్ని భాషల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఎత్వం స్థలం తీసుకోని గుర్తు, కొమ్ము మాత్రం తీసుకునేది. ఈ తేడా పెట్టిన మహానుభావులు ఎవరో గానీ, మన పట్టికలకు మాత్రం గండి కొట్టారు.

మారతహళ్లివాసి: పద్మగారూ, డబ్ల్యూసీవిడ్త్ పెట్టి చూశానండి. నా లాప్‌టాప్‌లో బాగుంది, యజమాని కంప్యూటర్‌లో మళ్లీ వంకరే.

బెళ్లందూరు పద్మ: అంతేనండి. ఎన్ని గడులు ఇవ్వాలో చివరికి తేల్చేది టెర్మినల్, దాని ఫాంటు. మీ ప్రోగ్రామ్ ఊహించగలదు, శాసించలేదు. నేనైతే ఆ పోరు మానేసి గది, బాకీ ముందు వేసి, పేరును అన్నిటికంటే చివర పెడతాను. దాని తరువాత ఏమీ లేనప్పుడు నింపాల్సిన పని ఉండదు.

చీకటితెర: పొడవైన చిరునామాలుంటే, వాటిని వరుసలుగా విడగొట్టే పైథాన్ టెక్స్ట్‌వ్రాప్‌లో బ్రేక్_లాంగ్_వర్డ్స్‌ను ఫాల్స్ చేయండి. లేదంటే వరుసలో పట్టని మాటను ఎక్కడ పడితే అక్కడ తెంపుతుంది. హల్లు పైన మిగిలి, గుడి కింది వరుసలో చుక్కల సున్నా మీద వేలాడుతుంది.

హోసూరురోడ్డు: తెర వెడల్పును పైథాన్ షుటిల్ (shutil) మాడ్యూల్‌లోని గెట్_టెర్మినల్_సైజ్ నుంచి తీసుకోండి. అవుట్‌పుట్‌ను ఫైలుకు మళ్లిస్తే అది మామూలుగా 80 ఇస్తుంది. 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డుల్లోనూ (రంధ్రాలతో సమాచారం దాచే అట్టల్లోనూ) 80 నిలువు వరుసలే.

మారతహళ్లివాసి: పేరు చివరికి మార్చాను, పద్మగారూ. వరుసలు నిలబడ్డాయి. ఇప్పుడాయన పేర్లను అకారాది క్రమంలో అడుగుతున్నారు, ‘క్ష’ ఎక్కడ రావాలంటారు?