అమ్మ కాలు బెణికింది, ఎక్స్‌రేకి ఇప్పుడే వెళ్లాలా?

నిన్న సాయంత్రం పెరట్లో బట్టలు ఆరేసి వస్తూ అమ్మ నాచు పట్టిన గచ్చు మీద జారింది. కుడి పాదం లోపలికి మడతపడి చీలమండ బయటివైపు బాగా వాచింది. ఆమెకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. ఐస్ ముక్కల్ని తువ్వాల్లో చుట్టి 15 నిమిషాల చొప్పున రెండు మూడు గంటలకోసారి పెడుతున్నాను, కాలి కింద రెండు దిండ్లు వేశాను. ఇంతలో పక్కింటి పిన్నిగారు వచ్చి వేడినీళ్ల కాపడం పెట్టి, నూనెతో గట్టిగా మర్దన చేసి, పసుపు సున్నం పట్టు వేయమన్నారు. మొదటి రెండు రోజులు వేడి, మర్దన వల్ల వాపు పెరుగుతుంది, పైగా షుగర్ ఉన్నవాళ్లకు సున్నంతో చర్మం కాలితే పుండు త్వరగా మానదు, అందుకే నేను ఒప్పుకోలేదు. పెద్దావిడ మాట కాదన్నానని అమ్మ బాధపడుతోంది.

గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది కానీ, చీలమండ బయటి ఎముక వెనక అంచు మీద నొక్కితే అబ్బా అంటోంది. నడవగలిగితే ఎముక విరగనట్టే అని ఇంట్లో అందరూ అంటున్నారు, నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. ఈ రాత్రే ఎక్స్‌రే తీయించాలా, పొద్దున దాకా ఆగొచ్చా?

క్రేప్ బ్యాండేజ్ వేళ్ల దగ్గర నుంచి పైకి చుట్టాను, వేళ్లు చల్లబడలేదు, రంగు మారలేదు. పడుకునేటప్పుడు విప్పేయాలా? షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గి ఉంటే ఐస్ పెట్టడం కూడా ప్రమాదమేనేమో అని టెన్షన్‌గా ఉంది. ఫిజియోథెరపీ తెలిసినవాళ్లు, ఇలాంటి దెబ్బ తగిలి కోలుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. గచ్చు మీద నాచు మళ్లీ పట్టకుండా మీరేం చేస్తున్నారో కూడా రాయండి, బ్లీచింగ్ పౌడర్‌తో కడిగినా వానాకాలంలో వారానికే వచ్చేస్తోంది.