ఇర్వింగ్‌లో నలుగురున్న ఇంటికి ఎన్ని క్రెడిట్ కార్డులు అవసరం? క్యాష్‌బ్యాక్ లెక్క సరిచూడగలరు

ఇర్వింగ్_గృహస్థు:

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాము. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు. అమెరికా వచ్చిన కొత్తలో తీసుకున్న ఒకే ఒక్క వీసా కార్డును నాలుగేళ్లుగా వాడుతున్నాను. దానికి వార్షిక రుసుము లేదు, ఏది కొన్నా 1.5 శాతం క్యాష్‌బ్యాక్ వస్తుంది. ఆఫీసులో స్నేహితులు గ్రోసరీకి ఒకటి, హోటళ్లకు ఒకటి, కారు గ్యాస్‌కు (పెట్రోలుకు) ఒకటి చొప్పున కార్డులు మార్చి మార్చి వాడుతూ, నేను ఏటా వందల డాలర్లు వదులుకుంటున్నానని అంటున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకుందామని గత ఏడాది స్టేట్‌మెంట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను.

నెలకు సగటున రెండు ఇండియన్ స్టోర్లలో కలిపి 350 డాలర్లు, కాస్ట్కో అనే టోకు దుకాణంలో సరుకులకు 300, అక్కడి పంపులోనే గ్యాస్‌కు 200, వాల్‌మార్ట్, టార్గెట్‌లలో 250, బయట భోజనానికి 300, కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లు, కారు బీమా కలిపి 600, ఆన్‌లైన్ కొనుగోళ్లకు 300 అవుతున్నాయి. అంటే నెలకు 2,300, ఏడాదికి 27,600 డాలర్లు. అద్దెనూ డేకేర్ ఫీజునూ ఇందులో కలపలేదు. ఆ రెండుచోట్లా కార్డుతో చెల్లిస్తే దాదాపు 3 శాతం అదనంగా వసూలు చేస్తారు కాబట్టి వాటిని బ్యాంకు ఖాతా నుంచే కడుతున్నాను. అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం మాకు లేదు, ఆన్‌లైన్ కొనుగోళ్లు నాలుగైదు సైట్లలో చెదిరి ఉంటాయి.

ఇండియన్ స్టోర్ ఖర్చు కోసం అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) వారి బ్లూ క్యాష్ ప్రిఫర్డ్ కార్డు తీసుకోవాలని ఉంది. సూపర్‌మార్కెట్లలో 6 శాతం అన్నది చూడగానే మనసు అటే లాగింది. మరో విషయం, ఎనిమిది నెలల్లో ఇల్లు కొనాలని అనుకుంటున్నాము. డిసెంబరులో పిల్లలతో విజయవాడ ప్రయాణం కూడా ఉంది. ఏ కార్డులు, ఏ వరుసలో తీసుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

ఎడిసన్_లెక్కలవాడు:

మీరు ఖర్చుల పట్టిక ఇచ్చారు కనుక ఊహాగానాలకు పోకుండా లెక్కే వేద్దాము. ప్రస్తుతం మీకు 27,600 మీద 1.5 శాతం, అంటే ఏడాదికి 414 డాలర్లు వస్తున్నాయి. అన్నింటికీ 2 శాతం ఇచ్చే కార్డు ఒక్కటి ఉంటే అది 552 అవుతుంది. ఏ వర్గాలూ గుర్తుపెట్టుకోకుండా, ఒక్క కార్డు మార్చడంతో 138 డాలర్లు పెరుగుతాయి. ఆ తర్వాత ఏ కార్డు చేర్చినా దానిని 414తో కాకుండా ఈ 552తో పోల్చి చూడాలి. మీ స్నేహితులు చెప్పే వందల డాలర్లలో సగం ఈ ఒక్క తేడాలోనే కరిగిపోతుందని నా అనుమానం.

2 శాతం కార్డుల్లో ఒక మెలిక ఉంది. చాలామంది మొదట సిటీ డబుల్ క్యాష్ పేరు చెబుతారు. అది మంచి కార్డే, కానీ వీసా నెట్‌వర్క్ మీద కాక మాస్టర్‌కార్డ్ మీద నడుస్తుంది. అమెరికాలో కాస్ట్కో దుకాణాలూ గ్యాస్ పంపులూ 2016 నుంచి క్రెడిట్ కార్డుల్లో వీసాను మాత్రమే తీసుకుంటున్నాయి. మీరు ఏటా అక్కడ 6,000 డాలర్లు ఖర్చు పెడుతున్నారు కాబట్టి వీసా మీద నడిచే వెల్స్ ఫార్గో యాక్టివ్ క్యాష్ లాంటిది మీ ఇంటికి సరిపోతుంది.

ఇక మీ మనసు లాగిన 6 శాతం సంగతి. బ్లూ క్యాష్ ప్రిఫర్డ్‌కు మొదటి ఏడాది రుసుము లేకపోయినా, రెండో ఏడాది నుంచి 95 డాలర్లు కట్టాలి. ఇండియన్ స్టోర్‌లో మీరు పెట్టే 4,200 మీద 6 శాతం అంటే 252, రుసుము పోగా మిగిలేది 157. అదే సంస్థ ఇచ్చే బ్లూ క్యాష్ ఎవ్రీడే కార్డుకు రుసుము లేదు, సూపర్‌మార్కెట్లలో 3 శాతం, అంటే 126. ఇంతవరకు ప్రిఫర్డ్ 31 డాలర్లు ముందుంది. అయితే ఎవ్రీడే కార్డు ఆన్‌లైన్ కొనుగోళ్లకు కూడా 3 శాతం ఇస్తుంది. ప్రిఫర్డ్‌లో ఆ వెసులుబాటు లేదు కనుక ఆ 3,600 డాలర్లను మీరు 2 శాతం కార్డు మీదే పెట్టుకోవాలి. గ్రోసరీ, ఆన్‌లైన్ రెండూ కలిపితే ప్రిఫర్డ్ దారిలో 229, ఎవ్రీడే దారిలో 234. రుసుము కట్టిన కార్డు కంటే కట్టనిదే అయిదు డాలర్లు ఎక్కువ తెస్తోంది!

అసలు ఈ రెండూ ఇండియన్ స్టోర్‌లో పనిచేస్తాయా అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. బోనస్ శాతాన్ని నిర్ణయించేది మీరు కొన్న కందిపప్పు కాదు, ఆ దుకాణానికి కార్డు యంత్రం ఇచ్చిన సంస్థ కేటాయించిన నాలుగంకెల వర్తక కోడ్. సూపర్‌మార్కెట్ అయితే 5411, రెస్టారెంట్ అయితే 5812. సరుకుల పక్కనే చాట్, టిఫిన్ కౌంటరు నడిపే దుకాణాలు కొన్ని రెస్టారెంటుగా నమోదై ఉంటాయి. చిన్న దుకాణాల్లో అమెక్స్ తీసుకోనివీ ఉన్నాయి. వాల్‌మార్ట్, టార్గెట్‌లలో ఎన్ని కూరగాయలు కొన్నా అమెక్స్ లెక్కలో అవి సూపర్‌మార్కెట్లు కావు. కాబట్టి దరఖాస్తుకు ముందే మీ దగ్గరున్న కార్డుతో రెండు దుకాణాల్లోనూ ఒక కొత్తిమీర కట్ట కొని, బ్యాంకు యాప్‌లో ఆ ఖర్చు ఏ వర్గం కింద పడిందో చూడండి. అది కోడ్‌ను అక్షరాలా చూపించకపోయినా, గ్రోసరీయా రెస్టారెంటా అన్నది చాలావరకు తెలిసిపోతుంది.

తొమ్మిది_కార్డులవాడు:

పై లెక్కలో తప్పేమీ లేదు, కానీ మీరు ఇల్లు కొనబోతున్నారన్న మాట అందులో మరుగున పడింది. నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని రాస్తున్నాను.

ఒక దశలో నా పర్సులో తొమ్మిది కార్డులు ఉండేవి. ప్రతి కార్డు మీద ఏ వర్గానికి ఎంత శాతమో చిన్న కాగితం ముక్క అంటించుకుని తిరిగేవాడిని. నా భార్య వాటిని దేవుడి గదిలో పెట్టి పూజ చేయమని ఎగతాళి చేసేది. మూడు నెలలకోసారి వర్గం మారే 5 శాతం కార్డులు రెండు ఉండేవి. వాటిని ప్రతి త్రైమాసికంలోనూ మనమే యాక్టివేట్ చేయాలి, 1,500 డాలర్ల ఖర్చు వరకే 5 శాతం, అంటే గరిష్ఠంగా 75 డాలర్లు. యాక్టివేట్ చేయడం మరిచిపోయిన త్రైమాసికాలే నాకు ఎక్కువ. ఒక కార్డుకు ఆటోపే (బిల్లు దానంతటదే ఖాతా నుంచి కట్టే ఏర్పాటు) పెట్టానన్న భ్రమలో ఒక నెల బిల్లు కట్టలేదు. ఆలస్య రుసుము పడింది, వడ్డీ పడింది. పాత బాకీ మిగిలి ఉండగా కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు ఉండదు కాబట్టి, ఆ తర్వాత కొన్న పాల డబ్బాకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలైంది. 20 శాతం దాటిన వార్షిక వడ్డీ ముందు మన రెండు, మూడు శాతాలు ఏ మూలకు?

నాకు అసలు దెబ్బ తగిలింది ఇంటి రుణం దగ్గర. దరఖాస్తుకు ముందు ఏడు నెలల్లో నాలుగు కార్డులు తీసుకున్నాను. ఒక్కో దరఖాస్తుకు ఒక్కో హార్డ్ ఎంక్వైరీ (మన అప్పుల చరిత్రను బ్యాంకు తెప్పించి చూసినట్లు నమోదు) పడుతుంది, అది రెండేళ్లపాటు క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. కొత్త ఖాతాలు చేరడంతో ఖాతాల సగటు వయస్సు కూడా తగ్గిపోయింది. రుణం ఇచ్చేవారు ఒక్కొక్క ఎంక్వైరీ ఎందుకు జరిగిందో రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు, క్రెడిట్ స్కోరు కొంత తగ్గడంతో వడ్డీ రేటు కూడా పావు శాతం ఎక్కువ పడింది. 4 లక్షల డాలర్ల రుణాన్ని 30 ఏళ్లకు తీసుకుంటే 6.5 శాతానికీ 6.75 శాతానికీ నెలసరి వాయిదాలో 66 డాలర్ల తేడా వస్తుంది. అంటే ఏడాదికి 790 పైనే. మీరు కొత్త కార్డులన్నీ కలిపి వాడినా అదనంగా వచ్చేది ఏడాదికి రెండు వందల చుట్టుపక్కలే కదా.

ఎనిమిది నెలల్లో ఇల్లు అంటున్నారు కనుక, తాళాలు చేతికి వచ్చేవరకు కొత్త దరఖాస్తు ఏదీ పెట్టవద్దు. అంతగా ఆగలేకపోతే ఇప్పుడున్న బ్యాంకుకే ఫోన్ చేసి, మీ కార్డును వారి 2 శాతం కార్డుగా మార్చే వీలుందేమో అడగండి. అలా మార్చేటప్పుడు సాధారణంగా హార్డ్ ఎంక్వైరీ ఉండదు, నాలుగేళ్ల ఖాతా చరిత్ర కూడా కొనసాగుతుంది.

గుంటూరు_కోడలు:

తొమ్మిది కార్డులవారు చెప్పిన వరుసే నాకూ సబబుగా తోస్తోంది. అయితే ఇల్లు కొన్న తర్వాత తీసుకోవలసిన రెండో కార్డు విషయంలో ఎడిసన్‌వారితో నాకు భిన్నాభిప్రాయం ఉంది. ఆయన అమెక్స్‌లోనే రెండింటిని పోల్చారు. నేను క్యాపిటల్ వన్ సేవర్ వాడుతున్నాను. వార్షిక రుసుము లేదు, గ్రోసరీ దుకాణాలకూ బయట భోజనానికీ రెండింటికీ 3 శాతమే. వాల్‌మార్ట్, టార్గెట్ ఇక్కడా లెక్కలోకి రావు. మీ పట్టికలో ఇండియన్ స్టోర్ 4,200, భోజనం 3,600 కాబట్టి 2 శాతం కార్డు కంటే 78 డాలర్లు అదనం. ఎవ్రీడే కార్డుతో గ్రోసరీ, ఆన్‌లైన్ కలిపి వచ్చే అదనం కూడా సరిగ్గా 78. డబ్బులో తేడా లేదు, నిశ్చింతలో ఉంది. నా కార్డు మాస్టర్‌కార్డ్ కనుక అమెక్స్ వద్దనే దుకాణంలోనూ చెల్లుతుంది. మా ఊరి ఇండియన్ స్టోర్‌లో మిరపకాయ బజ్జీలు కూడా అమ్ముతారు, అది గ్రోసరీగా నమోదైందో రెస్టారెంటుగా నమోదైందో నాకు ఈనాటికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేకపోయింది.

విజయవాడ ప్రయాణం గురించి ఎవరూ ప్రస్తావించలేదు. యాక్టివ్ క్యాష్, డబుల్ క్యాష్, రెండు బ్లూ క్యాష్ కార్డులు, వీటన్నింటికీ విదేశీ లావాదేవీల మీద దాదాపు 3 శాతం రుసుము ఉంటుంది. 2 శాతం తెచ్చుకుని 3 శాతం ఇచ్చుకుంటే ప్రతి వంద డాలర్లకూ ఒక డాలరు ఎదురు కట్టినట్లే. పట్టుచీరలూ బంగారమూ కొనే ప్రయాణంలో అది చిన్న మొత్తమేమీ కాదు. సేవర్‌కు ఈ రుసుము లేదు. ఇంకొకటి, అక్కడి బట్టల దుకాణాల్లోనో హోటళ్లలోనో కార్డు గీసేటప్పుడు డాలర్లలో చెల్లిస్తారా, రూపాయల్లోనా అని యంత్రం అడగవచ్చు. రూపాయలే ఎంచుకోండి. డాలర్లు ఎంచుకుంటే మారకపు రేటును ఆ యంత్రం వెనుక ఉన్నవారే నిర్ణయిస్తారు, అది మనకు లాభసాటిగా ఉండదు.

అయితే క్యాపిటల్ వన్‌కు దరఖాస్తు చేస్తే సాధారణంగా క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే మూడు సంస్థల్లోనూ (క్రెడిట్ బ్యూరోలు) ఎంక్వైరీ పడుతుంది. ఇంటి రుణం ముందు పెట్టుకుని ఆ పని చేయకండి. డిసెంబరుకు ఇల్లు పూర్తి కాకపోతే ఈ ఒక్క ప్రయాణానికీ పాత పద్ధతిలో డాలర్లు తీసుకెళ్లి అక్కడ రూపాయల్లోకి మార్చుకోవడమే మేలు.

ఇర్వింగ్_గృహస్థు:

అందరికీ ధన్యవాదాలు. ఈ పది రోజుల్లో రెండు పనులు చేశాను.

మొదటిది కొత్తిమీర పరీక్ష. మేము వెళ్లే రెండు ఇండియన్ స్టోర్లలో పెద్దది గ్రోసరీగానే కనిపించింది. రెండోదానిలో దోసెల కౌంటరు ఉంది, యాప్‌లో అది రెస్టారెంటుగా పడింది. మా ఖర్చులో సగం అక్కడే. అంటే 6 శాతం నాకు సగం సరుకుల మీదే వచ్చేది, అది 126 డాలర్లు. అందులోంచి 95 రుసుముగా పోతే చేతికి మిగిలేది 31. ప్రిఫర్డ్ ఆలోచన అక్కడితో ముగిసింది.

రెండోది, బ్యాంకుకు ఫోన్ చేశాను. 2 శాతం కార్డుగా మార్చడానికి వారికి అభ్యంతరం లేదు, ఎంక్వైరీ కూడా పడదన్నారు. సరేనని చెప్పబోతూ, ఎడిసన్ గారి మాట గుర్తుకొచ్చి అది వీసాయేనా అని అడిగాను. కాదు, మాస్టర్‌కార్డ్ అట. అప్పుడు కాస్ట్కోలో డెబిట్ కార్డే వాడాలి, ఆ 6,000 మీద ఇప్పుడు వస్తున్న 90 డాలర్లు పోతాయి. మిగిలిన 21,600 మీద అర శాతం పెరిగితే వచ్చేది 108. నికరంగా ఏడాదికి 18 డాలర్ల లాభం. లైను మీద ఉన్న ఆమెకు ధన్యవాదాలు చెప్పి పెట్టేశాను.

ఇల్లు రిజిస్టర్ అయ్యేవరకు పాత వీసాతోనే ఉంటాము. ఆ తర్వాత ముందుగా 2 శాతం వీసా, కొన్ని నెలలు ఆగి సేవర్. ఒక్క సందేహం మిగిలింది. కొత్త కార్డు వచ్చాక ఈ పాత 1.5 శాతం కార్డును మూసివేయవచ్చా?

ఎడిసన్_లెక్కలవాడు:

మూసివేయవద్దు. రుసుము లేని కార్డు కనుక ఉంచుకుంటే ఖర్చేమీ లేదు, మూసేస్తే మీ మొత్తం క్రెడిట్ పరిమితి తగ్గి, వాడకం నిష్పత్తి (ఆ పరిమితిలో మీరు వాడుకున్న వంతు) పెరుగుతుంది, దాంతో స్కోరు తగ్గవచ్చు. ఫోన్ బిల్లు ఒక్కదానిని దాని మీద పెట్టి, పూర్తి మొత్తానికి ఆటోపే నమోదు చేయండి. నమోదు చేసిన మొదటి నెలలో డబ్బు నిజంగా ఖాతా నుంచి వెళ్లిందో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి.