కొసరి వడ్డించడంలో ‘కొసరు’ ఎవరిది?

నిన్న ఇక్కడ ఒకరు “కొసరి కొసరి వడ్డించారు” అని రాస్తే, కింద మరొకరు “కొసరడం అడిగేవాడు చేసే పని కదా, పెట్టేవాడు ఎలా కొసరుతాడు?” అని అడిగారు. మంచి ప్రశ్న. రెండు ముక్కల్లో జవాబు చెప్పి వదిలేయడానికి మనసొప్పలేదు. ఈ మాటతో మా ఇంటికి ఒక అనుబంధం ఉంది, అందుకే విడిగా రాస్తున్నాను.

ముందు బజారు సంగతి. కూరగాయలు తూచాక పైన పడే రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ కొసరు. పాలు పోసే మనిషి గిద్దతో కొలిచి పోశాక, గిన్నె వెనక్కి తీసుకోకుండా అలాగే పట్టుకుని నిలబడితే మళ్ళీ ఒంపే నాలుగు చుక్కలు కొసరు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ అని కొలత కచ్చితంగా నడిచిన రోజుల్లో కూడా ఆ నాలుగు చుక్కలకు కొలత లేదు. ఇక క్రియగా చూస్తే, కొనేవాడు కొసరుతాడు, అమ్మేవాడు కొసరు వేస్తాడు. ఇంతవరకు పేచీ లేదు.

విస్తరి దగ్గరకు వచ్చేసరికి కర్త మారిపోతాడు. “అత్తగారు కొసరి కొసరి వడ్డించింది” అంటే కొసరింది అత్తగారే. తినేవాడు వద్దంటూనే ఉన్నాడు. బజారులో ‘ఇంకొంచెం వెయ్యి’ అని కొనేవాడు బతిమాలుతాడు. ఇక్కడ ‘ఇంకొంచెం తిను’ అని పెట్టేవాళ్ళు బతిమాలుతారు. బతిమాలడం మాత్రం అదే. పెట్టే మనిషి తానే ఏదో అడిగి పుచ్చుకుంటున్నట్టు గరిటె పట్టుకుని నిలబడుతుంది. ఈ మాట అందమంతా నాకు ఆ తిరగబడటంలోనే కనిపిస్తుంది.

ఇంట్లో సరే. డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టే చోట? అక్కడ బజారూ ఉంది, విస్తరీ ఉంది. మరి అక్కడ కొసరు ఏ అర్థంలో పలుకుతుంది?

పదేళ్ళ కిందట శ్రావణమాసంలో నాన్నగారూ నేనూ అంతర్వేది నరసింహస్వామి దర్శనం చేసుకుని తిరిగి వస్తున్నాం. గోదావరి ఎర్రబారి ఉంది. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు కోసం గంటన్నర ఆగి, నరసాపురంలో దిగేసరికి మూడున్నర దాటింది. నాన్నగారికి చక్కెర వ్యాధి, వేళకు తినాలి. మొదట కనిపించిన హోటలు మూసేశారు. పక్క సందులో రెండోది, నాలుగు బల్లల చిన్న భోజన హోటలు. కుర్చీలు బల్లల మీదికి ఎత్తి, ఒకామె నేల కడుగుతోంది. మమ్మల్ని చూసి చీపురు గోడకు ఆనించింది.

“అన్నం ఉంది బాబూ, పప్పు, చారు ఉన్నాయి. కూరలు నిండుకున్నాయి. ఆ కుర్చీలు దించుకుని కూర్చోండి.”

నిండుకున్నాయి. అయిపోయాయి అనలేదు, లేవు అనలేదు. అన్నం ఉండే చోట లేదన్న మాట పలకకూడదని, ఖాళీ గిన్నెను నిండుతనంతో చెప్పే భాష మనది. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అని లెక్కపెట్టేదీ ఇలాంటి మనసుతోనే. ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోట ‘నిండుకుంది’ నేను విన్నాను. హోటల్లో వినడం అదే మొదటిసారి.

ఆకులు వేసి, నీళ్ళు చల్లి, ఆమె నాన్నగారి ముఖం ఒకసారి చూసింది. లోపలికి వెళ్ళి మూత పెట్టిన చిన్న గిన్నె తెచ్చింది. ఆవ పెట్టిన కంద బచ్చలి కూర.

“ఇది హోటలుది కాదు అన్నయ్యగారూ, మాకని వండుకున్నది. వేసుకోండి.”

నాన్నగారు మొహమాటంతో ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. ఆమె గరిటె వెనక్కి తీయలేదు. ఆయన చేతికి జానెడు ఎత్తున అలాగే పట్టుకుంది. ఒక్క క్షణం ఇద్దరూ కదల్లేదు. “చెయ్యి తీయండి, కాలుతుంది” అంది. ఆయన చటుక్కున తీశారు. గరిటె నిండా ఉన్నా ఆమె ఒంపింది కొంచెమే, రెండు ముద్దలకు సరిపడా. అది తినేవరకు ఆగి మళ్ళీ రెండు ముద్దలకు. నెయ్యికీ అదే పద్ధతి, పెరుగుకూ అదే పద్ధతి. నాన్నగారు ఎన్నిసార్లు వద్దన్నారో, ఎన్నిసార్లు చెయ్యి తీశారో లెక్క లేదు. ఆకులో మాత్రం చివరికి మెతుకు మిగల్లేదు.

గల్లా దగ్గర ఆమె భర్త రెండు భోజనాలకు బోర్డు మీద ఉన్న ధరే తీసుకున్నాడు. “ఆ కూరకు కూడా తీసుకోండి” అని నాన్నగారు పట్టుబట్టారు. ఆయన లోపలికి చూశాడు. లోపలి నుంచి ఆమె గొంతు:

“కొసరుకు లెక్కేమిటండీ!”

నాన్నగారు తెలుగు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. బస్సెక్కేదాకా ఆ మాట గురించే మాట్లాడారు. ఆమె అన్నది బజారు మాటే, అన్న సందర్భమూ డబ్బులిచ్చే సందర్భమే. కానీ కూర గిన్నె ఆమె సొంత ఇంటిది. కొలిచి అమ్మినదానికి ధర పుచ్చుకుంది, కొలత ముగిశాక పెట్టినదానికి పుచ్చుకోలేదు. బజారులోనూ కొసరు గుణం ఇదే: బేరం పూర్తయ్యాక ఇచ్చేది కనుక బేరానికి చెందదు. ఇంటి వాత్సల్యాన్ని చెప్పడానికి మన భాష బజారు నుంచి ఈ మాటను ఎందుకు తెచ్చుకుందో అప్పుడు నాకు అర్థమైంది. ఆ తర్వాత మా ఇంట్లో రెండోసారి కూర వేసుకున్నప్పుడల్లా నాన్నగారు “కొసరుకు లెక్కేమిటండీ” అనేవారు.

దీని పక్కన పెట్టి చూడవలసిన మాట ‘మారు’. మారుమాట, మారుపేరు, మారుతల్లి అన్నప్పుడు బదులు అనీ తిరిగి అనీ ధ్వనించే మారు, భోజనంలో రెండో వడ్డన అవుతుంది. మారు అన్నం, మారు పప్పు. కొసరూ మారూ ఒకటే అనుకుంటారు గానీ కాదు. భోజన హోటల్లో కావలసినంత పెడతామని బోర్డు రాశాక మారు మన హక్కు, ధరలోనే ఉంది. అడిగి వేయించుకోవచ్చు. కొసరు హక్కు కాదు, కాబట్టి పెట్టినప్పుడే దాని విలువ.

పెట్టేవాళ్ళు అడిగే తీరులో కూడా ఇదే తేడా వినిపిస్తుంది. “కావాలా?” అంటే తినేవాడు నలుగురిలో తన ఆకలిని ఒప్పుకోవాలి. “వేయమంటారా?” అంటే అనుమతి అడిగినట్టు, బరువు సగం దిగుతుంది. “వేసుకోండి” అంటే ప్రశ్నే లేదు, అది తన ఇంట్లో తినే మనిషితో అనే మాట. “కొంచెం వేస్తున్నాను” అంటే బరువంతా వడ్డించే మనిషి నెత్తినే పెట్టుకున్నట్టు. రాజమహేంద్రవరం నుంచి అమలాపురం దాకా, ఇటు పాలకొల్లు, భీమవరం దాకా చిన్న హోటళ్ళలో తిన్న ప్రతిసారీ ఈ నాలుగింటిలో ఏది వినిపిస్తుందా అని చెవి ఒగ్గుతాను. ఎక్కువసార్లు వినిపించింది “వేసుకోండి”.

మీ అనుభవాలు రాయండి.

కాకినాడ సభ్యుడు:
“వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే” అన్న సామెత మరిచారు. కొసరు అంటే పక్షపాతమే కదా? అందరికీ వేస్తే అది కొసరెలా అవుతుంది?

నా జవాబు:
సామెత చక్కగా గుర్తుచేశారు. పంక్తి నుంచి వచ్చిన బంతి, కడబంతి మాటలు ఈ సామెత వల్లనే ఇంకా మన నోళ్ళలో ఉన్నాయి. సామెతలో వడ్డించేవాడు ముందే మనవాడు. నరసాపురంలో ఆమె మాకు ఏమీ కాదు. “అన్నయ్యగారూ” అని పిలిచి, ఆ పిలుపుతో చుట్టరికం కలుపుకుని, ఆ తర్వాత గరిటె పట్టుకుంది. కడబంతికి కూడా వేళ మించాక వచ్చినవాళ్ళం మేము. అందరికీ వేసినా కొసరు కొసరే, ఎందుకంటే ఎవరి ఆకు చూసి వాళ్ళకు వేయాలి.

గుంటూరు సభ్యురాలు:
మీరు రాసినంత ముచ్చటగా నాకు అనిపించదు. చాలన్నాక కూడా వేయడం, తినలేక ఆకులో వదిలేయడం, చివరికి పారబోయడం చూశాను. చక్కెర ఉన్నవాళ్ళకు, పొట్ట పట్టనివాళ్ళకు అది బాధ. దీన్ని మర్యాద అని ఎందుకు పొగడాలి?

నా జవాబు:
మీరు చెప్పిన బాధ నిజం, నేనూ చూశాను. దానికి మనకు వేరే మాటలు ఉన్నాయండీ: బలవంతపెట్టడం, మొహమాటపెట్టడం. మొహమాటపెడితే తినేవాడు వద్దనలేక తింటాడు. కొసరడంలో వద్దనడానికి చోటు ఉంటుంది, అందుకే మళ్ళీ మళ్ళీ అడుగుతారు. ‘కొసరి కొసరి’ అని మాట రెండుసార్లు రావడంలోనే కొంచెం కొంచెంగా అన్న అర్థం ఉంది. గరిటెడు ఒక్కసారిగా గుమ్మరిస్తే దాన్ని కొసరడం అని ఏ తెలుగువాళ్ళూ అనరు. పాలు కొలిచాక పడేవి నాలుగు చుక్కలే, నాలుగు గిద్దలు కాదు. ఆమె రెండేసి ముద్దలకు సరిపడా వేసిందని అందుకే అంత వివరంగా రాశాను. ఆకులో మిగలకుండా చూసుకోవడం కూడా కొసరే మనిషి పనే.

అమలాపురం సభ్యురాలు:
హోటలు అన్న మాట రాకముందు మనకు ‘పూటకూళ్ళ ఇల్లు’ ఉండేది. పూటకింత కూడు పెట్టే ఇల్లు. పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటింటి భోజనాన్ని వర్ణించే పద్యం “లక్ష్మణవజ్ఝల యింట రూకకున్” అని ముగుస్తుంది. పప్పు, పిండివంట, పంచదార, పళ్ళు, గడ్డపెరుగు అన్నీ చెప్పి, ఆఖరి మాటగా రూక, అంటే నాణెం. దాని ముందు మాట ‘ఇంట’. డబ్బు తీసుకున్నా అది ఇల్లే. మీరు బజారు, ఇల్లు అని విడదీసినవి ఆ పద్యంలో పక్కపక్కనే ఉన్నాయి.

నా జవాబు:
ఎంత బాగా పట్టుకున్నారు! ఇంట, రూకకు. నాన్నగారు ఉంటే ఈ వ్యాఖ్యను పెద్దగా చదివించుకునేవారు. కన్యాశుల్కం పుణ్యమా అని పూటకూళ్ళమ్మ అందరికీ గుర్తుంది గానీ, మాటలో ఉన్న ఇల్లు మాత్రం మనం మరిచిపోయాం.

భీమవరం సభ్యుడు:
ఇదంతా ఆనకట్ట పుణ్యం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి పండింది, గాదెలు నిండాయి, చేతులు చాచి పెట్టారు. కరవు సీమలో కొసరు పుట్టదు.

నా జవాబు:
కాటన్ దొర మేలు కాదనను, ఆ నీళ్ళ అన్నం తిని పెరిగినవాణ్ణే. కానీ పండిన చోటల్లా పెట్టే చెయ్యి ఉండదు, కొంచెమే పండే చోట కూడా ఉన్నదాంట్లో సగం పెట్టేవాళ్ళు ఉంటారు. మన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఆ దారిన వచ్చిన బాటసారులకు వేళాపాళా చూడకుండా వండిపెట్టారు. 1909లో ఆమె పోయినా, ఆ పేరు ఇప్పటికీ గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీది అక్విడక్టుకు, అంటే ఏటి మీదుగా కాలవను దాటించే వంతెనకు, ఉంది. అంతమంది గింజలున్న ఆసాముల్లో ఆమెనే అన్నపూర్ణ అన్నారు. నా ఊహకు తోచేది, మన దగ్గర పంటతో పాటు రేవులు కూడా లెక్కలోకి రావాలి. అడుగడుగునా ఏటి పాయలు, పడవ కోసం ఎదురుచూపులు. వేళ తప్పి వచ్చే మనిషి ఇక్కడ కొత్త కాదు. అతనికి ఏదో ఒకటి పెట్టడం అలవాటైపోయింది.

అంబాజీపేట సభ్యుడు:
మా పొట్టిక్కలు తిన్నారా? పనసాకుల బుట్టల్లో పిండి పోసి ఆవిరికి ఉడికిస్తారు. పొట్టిక్క లెక్క ప్రకారం ఇస్తారు, చట్నీకి లెక్క ఉండదు. మీ లెక్కన మా కొసరు చట్నీ.

నా జవాబు:
తిన్నాను, ఆకు విప్పగానే వచ్చే వాసనతో సహా గుర్తుంది. చట్నీ సంగతి నాకు తట్టనేలేదు. టిఫిను హోటల్లో ఇడ్లీ రెండు, గారె రెండు అని ప్రతిదానికీ అంకె ఉంది, చట్నీకి లేదు. అయితే చట్నీ గిన్నె పట్టుకుని బల్లల మధ్య తిరిగే కుర్రవాడు అడగకముందే వేస్తే అది కొసరు, పిలిచి వేయించుకుంటే మారు. మీరు ఒప్పుకుంటారా?

చివరగా అందరికీ ఒక మనవి. పెట్టేవాళ్ళు కొసరడం అన్న వాడుక మీ ఊళ్ళో ఉందో, కొనేవాళ్ళు కొసరడం ఒక్కటే ఉందో చెప్పండి. ఈసారి బయట భోంచేసినప్పుడు, రెండోసారి వడ్డించే మనిషి మీతో అన్న మాటను సరిదిద్దకుండా, యాసతో సహా, ఊరి పేరు పెట్టి ఇక్కడ రాయండి. విశాఖ, నెల్లూరు, కర్నూలు, ఖమ్మం, కరీంనగరం సభ్యులు మరీ ముఖ్యంగా.