కణం విడిపోయే ఆఖరి నిమిషంలో నిజంగా చెక్ చేసుకుంటుందా, లేక అడ్డం పడితే ఆగుతుందా?

చిత్తూరు_జువాలజీ_సార్:
పోయిన వారం ఇంటర్ పిల్లోళ్లతో ఉల్లిగడ్డ వేరుకొన స్లైడ్లు చేయిస్తా ఉన్నా. పొద్దున్నే కోసిన వేర్లు, హెచ్‌సీఎల్‌లో కాస్త వెచ్చచేసి, ఎసిటోకార్మిన్ వేసి, కవర్‌స్లిప్ మీద పెన్సిల్ వెనకాలతో తట్టించినా. ఒక అమ్మాయి పిలిచి చూపించింది, క్రోమోజోములు రెండు పక్కలకీ పోయినాయి గానీ మధ్యలో ఒక సన్నటి ఎర్ర దారం తెగకుండా సాగి ఉండాది. "సార్, ఇప్పుడు గోడ వచ్చేస్తే ఈ దారం ఏమైతుంది, కణం చూసుకోదా?" అనింది. నేను ఠక్కున చెప్పేసినా, చెక్‌పాయింట్లు, అంటే కణం ముందుకు పోకుండా ఆగి చూసుకునే చోట్లు, మూడేనమ్మా, జీ1, జీ2, ఎం దశల్లో, అనాఫేజ్ (క్రోమోజోములు రెండు పక్కలకీ పోయే దశ) మొదలైనాక ఇంక ఆపేది లేదు అని. ఇంటికొచ్చినాక కొంచెం చదివితే అబ్సిషన్ (రెండు పిల్లకణాలు ఆఖరున తెగిపోయేది) చెక్‌పాయింట్ అని ఒకటి ఉందంట. నేను తప్పు చెప్పినానా? తెలిసినోళ్లు చెప్పండి.

పలమనేరు_బాటనీ:
సార్, మొదట ఒక మాట. ఉల్లిగడ్డలో జంతుకణం మాదిరి నొక్కుకోని తెగేది ఉండదు, మధ్యలో కణఫలకం కట్టుకుంటుంది. అబ్సిషన్ అంటే మిడ్‌బాడీ దగ్గర, అంటే రెండు పిల్లకణాల్ని ఆఖరున కలిపుంచే సన్నటి వంతెన నడుమ తెగేది, అది జంతుకణాల మాట. కాబట్టి ఆ స్లైడ్‌కి ఈ చర్చ నేరుగా అతకదు.
రెండోది, నన్నడిగితే దాన్ని చెక్‌పాయింట్ అనేదే ఎక్కువ. తిరుమల ఘాట్ రోడ్డులో కొండరాయి పడితే బస్సులు ఆగుతాయి, అలిపిరిలో తనిఖీకి కూడా ఆగుతాయి. రెండుచోట్లా ఆగింది కదా అని రెండూ తనిఖీ అంటామా? దారం అడ్డం ఉంటే తెగదు, అంతే.

తిరుపతి_సెల్‌బయాలజీ:
బాటనీ అన్నా, మీ ఉదాహరణ చానా బాగుంది, దాంతోనే మీకు జవాబు చెప్తా. రాయి పడిన చోట పోలీసుని తీసేసినా బస్సు పోదు. అలిపిరిలో తనిఖీ చేసేవాళ్లని తీసేస్తే బండి లోపల ఏమున్నా సరే నేరుగా పైకి పోతుంది. తేడా అదే కదా. 1989లో హార్ట్‌వెల్, వైనర్ట్ ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే, ఒక జన్యువుని చెడగొడితే ముందు పని అయిపోకుండానే తరువాత పని జరిగిపోతుంటే, అక్కడ చెక్‌పాయింట్ ఉందని అర్థం.
ఇప్పుడు ప్రయోగాలు చూడండి. 2006లో జ్యూరిక్‌లో ఈవ్ బరాల్ ల్యాబ్ వాళ్లు ఈస్ట్‌లో చూసినారు, మధ్యలో క్రోమోజోమ్ ఇరుక్కోని ఉంటే కణం తెగకుండా ఆగుతుంది, ఆపేదాంట్లో ఐపీఎల్1 అనే ప్రోటీన్ ఉంది, అంటే మనలో అరోరా బి అనే కైనేజ్ (వేరే ప్రోటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్). దాన్ని పని చేయకుండా చేస్తే కణం ఆగలా, దారం ఉన్నా తెగ్గోసేసింది, డీఎన్‌ఏ దెబ్బతినింది. అడ్డం అట్లనే ఉండాది, కాపలా పోయింది, బండి పోయింది! ఇది రాయి కాదన్నా, తనిఖీనే.
తరువాత 2009లో జ్యూరిక్‌లోనే గెర్లిచ్ వాళ్లు హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు), 2012లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు సీహెచ్‌ఎంపీ4సీ అనే ప్రోటీన్ మీద ఇదే చూపించినారు. మిడ్‌బాడీ దగ్గర పొరని తెగ్గోసే కత్తెర ఎస్కార్ట్-3 అనే ప్రోటీన్ల గుంపు. అరోరా బి ఆ గుంపులోని సీహెచ్‌ఎంపీ4సీకి ఫాస్ఫేట్ తగిలించి కత్తెరని ఆపుతుంది. సీహెచ్‌ఎంపీ4సీ తీసేస్తే దారం లేని కణాల్లో కూడా కోత తొందరగా జరిగిపోతుంది. అడ్డమే లేనిచోట కూడా టైమ్ మారిందంటే అక్కడ ఒక గడియారం మాదిరిది నడుస్తా ఉందనే కదా అర్థం.
ఇంకొకటి. సీహెచ్‌ఎంపీ4సీలో 232వ చోట అలనీన్ అనే అమైనో ఆమ్లం బదులు థ్రియోనిన్ ఉండే రకం ఒకటి మనుషుల్లో ఉంది, అండాశయ క్యాన్సర్‌తో సంబంధం కనపడిన రకం, దాంట్లో ఈ ఆపేది బలహీనమైపోతుందని 2018లో తేలింది. పాఠంలో మూడే అని ఆపేస్తే ఇదంతా పిల్లోళ్లకి యాడ తెలుస్తుంది?

పలమనేరు_బాటనీ:
మేడమ్, అరోరా బి మాట ఒప్పుకుంటా ఉండా, ఆ పరీక్ష గట్టిదే. కానీ "చెక్ చేస్తుంది" అంటే ఏదో తప్పుని గుర్తుపట్టాలి కదా, ఏం గుర్తుపడుతోంది? 2016లో ఈస్ట్‌లోనే ఇంకో పని వచ్చింది, డీఎన్‌ఏ కాపీ సరిగ్గా అవ్వక వచ్చిన దారాలకి ఆగుతుంది, రెండు సెంట్రోమియర్లు (క్రోమోజోముని పట్టి లాగే చోట్లు) ఉన్న క్రోమోజోమ్ వల్ల వచ్చిన దారానికి మాత్రం ఆగదు. అంటే దారం ఉందా లేదా అని చూడటంలేదన్నట్టే. ఇదివరకు నాలుగు సెట్ల క్రోమోజోములున్న కణాన్ని ఆపే "టెట్రాప్లాయిడీ చెక్‌పాయింట్" ఉందని కూడా అందరం నమ్మినాం, 2004లో ఉటాకే, స్లూడర్ మామూలు కణాల్లో అట్లాంటిది లేదని చూపించినారు. పేరు పెట్టేదాంట్లో తొందరపడితే పాఠాలు మళ్లీ మళ్లీ దిద్దుకోవాల్సొస్తుంది, నా బాధ అదే.

తిరుపతి_సెల్‌బయాలజీ:
2016 మాట నిజం, నేను దాన్ని పక్కన పెట్టను. ఏం గుర్తుపడుతుందో ఇంకా తేలలా, ఆపే యంత్రం మాత్రం తేలింది, ఈ రెండూ వేరు వేరు అని నా వాదన. అలిపిరిలో ఏ మెషిన్‌తో వెతుకుతున్నారో మనకి తెలీకపోయినా తనిఖీ ఉందనేది అబద్ధం కాదు కదా.
ఇంకో సంగతి, కణం ఆగడమంటే ఎప్పుడూ తప్పు జరిగిందనే కాదు. వృషణంలో మగ బీజకణాలు కావాలనే తెగకుండా వంతెనలతో కలిసుంటాయి, ఎలుకల్లో టెక్స్14 అనే ప్రోటీన్ దాన్ని కాపాడుతుంది. లివర్‌లో రెండు కేంద్రకాల కణాలు మామూలే. కాబట్టి సార్, ఆ అమ్మాయికి "ఆగింది, అంటే చెడింది" అని మాత్రం చెప్పొద్దండి.
మరి ఆగకపోతే ఏమైతుంది? హీలాలో దారం ఉన్నప్పుడు అరోరా బిని పని చేయకుండా చేస్తే పొర వెనక్కిపోయి కణం ఒక్కటై నాలుగు సెట్ల క్రోమోజోములతో మిగిలిపోయింది, ఈస్ట్‌లో అయితే డీఎన్‌ఏ తెగింది. పీ53 (కణితులు రాకుండా కాపాడే ప్రోటీన్) లేని ఎలుక కణాల్లో నాలుగు సెట్లవి కణితులు పుట్టిస్తాయని 2005లో చూపించినారు. అంత పని చేసేదాన్ని "అడ్డం" అని వదిలేయడానికి నాకు మనసు రాదు.

చిత్తూరు_జువాలజీ_సార్:
ఇద్దరికీ వందనాలు. బాటనీ సార్ చెప్పింది నాకు తగిలింది, ఉల్లిగడ్డ స్లైడ్‌ని మిడ్‌బాడీతో కలిపేస్తే అది ఇంకో తప్పు అయ్యుండేది. రేపు ఆ అమ్మాయికి, మూడే అని నేను చెప్పింది జంతుకణాల విషయంలో సరి కాదు, నీ స్లైడ్‌లో దారం మాత్రం కణఫలకం దగ్గర ఏమైతుందో వేరే చదవాలి అని చెప్తా. ఆ స్లైడ్ ఎండిపోకుండా అంచులకి నెయిల్ పాలిష్ పూసి పెట్టినా, ఇంకా దారం కనపడతానే ఉండాది.