సమస్య: గుఱిని దప్పునదియె కోట గెలిచె

నిర్వాహకుడు:
ఈ వారం ఇచ్చినది ఆటవెలది నాలుగవ పాదం. ద్వితీయా విభక్తిలో ఉన్న "గుఱిని" మీది ద్రుతం (నకారం) వల్ల "తప్పు" సరళాదేశం పొంది "దప్పు" అయినది, గు–కోలకు యతి. గురి తప్పే ఆయుధం కోట గెలవడం పైకి అసంబద్ధమే అయినా, దీనికి సందర్భం కల్పించుకోనక్కరలేదు, చరిత్రలోనే ఉన్నది. పదహారవ శతాబ్దపు ఇంగ్లండులో, ఒత్తి తుపాకిని (రాజే ఒత్తితో మందు అంటించే తుపాకిని) ఒకసారి నింపి పేల్చేలోగా నేర్పరి విలుకాడు అరడజను అమ్ములైనా వేయగలిగేవాడు. నున్నని గొట్టంలో వదులుగా దిగే సీసపు గుండు నూరు గజాలు దాటితే ఎటు పోతుందో పేల్చినవాడికే తెలియదు. అయినప్పటికీ 1595లో ఎలిజబెత్ రాణి మంత్రిమండలి, ప్రాంతీయ దళాలలోని విండ్లను తీసివేసి తుపాకులు ఇవ్వమని ఆదేశించింది. ఆ మార్పుకు కారణం పూరణలో పలకాలి.

రేవుకోట:
విల్లు నేర్వఁ బట్టు వేయి దినమ్ములు
నెలకె యొత్తి పట్ట నేర్చు రైతు
నూఱు గుండ్లు రాల నొకటైనఁ దగులదె
గుఱిని దప్పునదియె కోట గెలిచె

నిర్వాహకుడు:
రేవుకోటగారూ, పూరణ నిర్దోషంగా ఉన్నది. రెండవ పాదం నాకు మరీ నచ్చినది. అసలు కారణాన్ని ఐదు మాటలలో పట్టుకున్నారు. అయితే "వేయి దినమ్ములు" మరీ తక్కువ. 1549లో ఆరవ ఎడ్వర్డు ఎదుట ప్రసంగించిన మతబోధకుడు లాటిమర్, తన తండ్రి తన వయసునూ బలాన్నీ బట్టి ఒక్కొక్క విల్లే పెద్దది కొనిపెట్టి తనకు విలువిద్య నేర్పాడని చెప్పుకున్నాడు. విద్య కన్నా ముందు ఒళ్ళు పెరగాలన్నమాట. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో 137 విండ్లు చెక్కుచెదరక దొరికాయి; వాటిని పూర్తిగా లాగడానికి నూరు పౌండ్లకు మించిన బలం కావాలి. ఆ నౌకలోని కొన్ని అస్థిపంజరాలలో భుజపుటెముక కొన అతుక్కోకుండా విడిగానే ఉండిపోయినది. చిన్ననాటి నుంచి బరువైన విల్లు లాగినందువల్ల అలా అయి ఉండవచ్చునని పరిశోధకులు ఊహిస్తున్నారు. అటువంటి విలుకాడు ఒకడు యుద్ధంలో పడిపోతే, వాడి స్థానంలోకి మరొకడు రావడానికి ఒక బాల్యం పడుతుంది. ఇక నా సందేహమల్లా ఒక్కటే: మూడు పాదాలలోనూ కోట ఊసు లేదు కదా?

రేవుకోట:
ధన్యవాదాలు. కోట మాటకు నా సమాధానమిది. మనిషెత్తు విల్లును నిలబడి, చేతులు చాచి లాగాలి. లాగిన నారిని కొన్ని క్షణాలకు మించి పట్టి ఉంచలేము. తుపాకినైతే మందు కూరి, గోడ మీద ఆనించి, ఒత్తి రాజుతూ ఉండగా శత్రువు తల ఎత్తేదాకా కాచుకొని కూర్చోవచ్చు. ముట్టడిలో అటువారికైనా ఇటువారికైనా పనికివచ్చినది ఆ ఓపికే.

పినాకిని:
రాయచూరి గోడ రక్షింపఁ జనువారి
బుడతకీచు గుండు పోయి తాఁకె
వెఱపు లేక సేన పెల్లగించెను ఱాళ్ళు
గుఱిని దప్పునదియె? కోట గెలిచె!

నిర్వాహకుడు:
ప్రశ్నార్థకంతో సమస్యను తలక్రిందులు చేశారు, భేష్. 1520 నాటి రాయచూరు ముట్టడిలో క్రిస్టోవావ్ ద ఫిగెయిరెదు వెంట ఉన్న కొద్దిమంది పోర్చుగీసులు గోడ మీద తల కనిపించినవాడినల్లా కాల్చడంతో, అడుగున గోడ త్రవ్వే కృష్ణదేవరాయల సైనికులకు ఊపిరి ఆడినదని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాశాడు. అంటే పైన రేవుకోటగారు చెప్పిన ఓపిక ఇక్కడ కనిపిస్తున్నది. అయితే రాయల సేనలో విలుకాండ్రు అప్పుడూ ఉన్నారు, ఆ తరువాతా ఉన్నారు. ఇది తుపాకి విల్లుకు తోడుపడిన ఘట్టమే గాని దానిని తొలగించినది కాదు.

కవనప్రియ:
వింటికన్న వడిగఁ దూటాలు కురిపించి
యినుపకవచ మెల్ల నిట్టె చీల్చి
దొరల నెల్ల నేలఁ దొరలించెఁ గావున
గుఱిని దప్పునదియె కోట గెలిచె

నిర్వాహకుడు:
అమ్మా, "దొరల నెల్ల నేలఁ దొరలించె" అన్న యమకం ముచ్చటగా ఉన్నది. కాని మొదటి పాదంలో వి–దూలకు యతి చెల్లదు. చిత్రమేమిటంటే అక్కడే చరిత్ర కూడా తప్పినది. వడిలో గెలుపు వింటిదే. 1590లో ఇంగ్లీషు యోధుడు సర్ జాన్ స్మైత్ విల్లు తరఫున వాదించినప్పుడు, వేగాన్నీ, వానకు తడిసి ఆరిపోయే ఒత్తినీ చూపించే వాదించాడు. కవచం మాట మాత్రం నిజమే. మేలైన ఉక్కు కవచం మీద అమ్ము జారిపోయే చోట బరువైన మస్కెట్టు (పెద్ద ఒత్తి తుపాకి) గుండు దూసుకుపోగలిగేది.

కవనప్రియ:
గురువుగారూ, సవరించాను.
వింటివాని యలుపు వీనికి లేకుండ
నినుపకవచ మెల్ల నిట్టె చీల్చి
(మిగిలిన పాదాలు యథాతథం.)

నిర్వాహకుడు:
యతి కుదిరినది. "లేకుండ" ద్రుతాంతం గనుక రెండవ పాదాన్ని "నినుప" అని మార్చడం కూడా మరువలేదు, సంతోషం. పైగా "యలుపు" అన్న ఒక్క మాటతో, స్మైత్ ప్రత్యర్థి సర్ రోజర్ విలియమ్స్ వాదనలోకే వచ్చేశారు. ఐదువందల మస్కెట్లవారు పదిహేనువందల విలుకాండ్ర కన్నా ఎక్కువ పనికివస్తారన్నాడాయన. తడి నేల మీద పడుకొని, అరకడుపు తిని, విరేచనాలతో నీరసించిన విలుకాడి అమ్ము నెలలు గడిచేకొద్దీ దగ్గర దగ్గరే పడుతుంది. అదే స్థితిలో ఉన్న తుపాకివాడి గుండు మొదటి రోజున ఎంత వేగంతో వెళ్ళినదో అంతే వేగంతో వెళుతుంది. ఈ భావంతో నా ప్రయత్నం:

బలము వింటఁ గాదు వాని చేతనె యుండు
జబ్బు పడినఁ జేయి జారిపోవు
మందులోని శక్తి మనిషిఁ జూడదు గద
గుఱిని దప్పునదియె కోట గెలిచె

పినాకిని:
చాలా బాగున్నది గాని, "వాని" అంటే ఎవనిదో పద్యంలో చెప్పలేదు. మరొక ప్రశ్న. 1776లో కూడా బెంజమిన్ ఫ్రాంక్లిన్ అమెరికా సేనలోని జనరల్ చార్లెస్ లీకి ఉత్తరం వ్రాస్తూ, ఒక్క గుండు పేల్చేలోగా నాలుగు అమ్ములు వేయవచ్చుననీ, పొగ కంటికి అడ్డురాదనీ విల్లును మెచ్చుకున్నాడు కదా? అంతటివాడి మాట ఎందుకు సాగలేదంటారు?

నిర్వాహకుడు:
అన్వయలోపం ఒప్పుకుంటున్నాను, "వాని" అంటే విలుకానిదని సందర్భాన్ని బట్టి తెలుసుకోవలసి వస్తున్నది. ఫ్రాంక్లిన్ లెక్క ఆయుధం వరకు సరైనదే. విండ్లు చేయించడం కూడా పెద్ద పని కాదు. కాని వాటిని లాగడానికి పదేళ్ళ నాడే సాధన మొదలుపెట్టిన కుర్రవాళ్ళు ఆ అమెరికా సేనలో ఎక్కడున్నారు?