రోమియో, నువ్వు ఎక్కడ? రోమియో, నువ్వు ఎందుకు?

హనుమకొండలో కాలేజీ పిల్లలు తెలుగులో వేసిన ‘రోమియో అండ్ జూలియట్’ ఈమధ్య చూశాను. అందులో ఒక వాక్యం గురించి గ్రూపులో అడగాలనిపించింది.

మేడ సీన్‌లో జూలియట్ పైన నిలబడి, “ఓ రోమియో, రోమియో! నువ్వెక్కడున్నావు రోమియో?” అంది. రోమియో ఆ మేడ కిందనే, అందరికీ కనబడేట్టు నిలబడి ఉన్నాడు. వెనక వరుసలోంచి ఎవరో “గీడనే ఉన్నడు తల్లీ!” అని కేకేశారు. హాలంతా గొల్లుమంది. బయటికొచ్చాక ఒక పెద్దాయన “మనవాళ్ళకు నాటకం చూడటం రాదు” అని విసుక్కున్నారు. నేను ఒప్పుకోను. జనం ఆ మాటను సరిగ్గా విన్నారు కాబట్టే నవ్వారు.

షేక్‌స్పియర్ ఇంగ్లీషు మూలంలో ఉన్న ‘వేర్‌ఫోర్’కు అర్థం ‘ఎందుకు’. జూలియట్ అక్కడ ఎవరినీ వెతకడం లేదు. అతను కింద ఉన్నట్టు కూడా ఆమెకు తెలియదు. విందులో మనసిచ్చినవాడు తీరా చూస్తే పగవాళ్ళ కొడుకు. లోకంలో ఇంతమంది ఉండగా నువ్వే ఆ రోమియోవు ఎందుకయ్యావని ఆమె బాధ. వెంటనే ‘మీ నాన్నను కాదను, నీ పేరు వదులుకో, లేదంటే నన్ను ప్రేమిస్తానని ఒట్టెయ్యి, నేనే కాపులెట్‌ను కాకుండా పోతాను’ అంటుంది. కాపులెట్ ఆమె ఇంటిపేరు. పైన ‘ఎక్కడ’ అని పెడితే ఈ మాటలకు తలాతోకా ఉండదు.

నవ్వుకు ఇంకో కారణం కూడా ఉంది. మన దగ్గర రోమియో అంటే బస్టాండులో ఆడపిల్లల వెంటపడే పోకిరీ, షీ టీమ్స్ పట్టుకెళ్ళేవాడు. అసలు నాటకంలో అబ్బాయి తెల్లారగానే రహస్యంగా పెళ్ళి కుదిర్చిన మనిషి. ఆ పేరుకు ఇలాంటి గతి పట్టడం నాకు నిజంగా బాధగా ఉంది.

అయితే అదే హాలు, అదే జనం, కాసేపటికే మరో మాటకు నిశ్శబ్దమైపోయారు. “నీ మీద నాకు పగ లేదు. నీ ఇంటిపేరు మీదే” అని పిల్లలు రాసుకున్నారు. మూలంలో వట్టి ‘పేరు’ అనే ఉంది, కానీ ఆ పేరు మాంటేగ్, అంటే మన లెక్కలో ఇంటిపేరే. కొత్తవాళ్ళు కనబడితే “మీ ఇంటిపేరేంది?” అని మనం ఎందుకడుగుతామో అక్కడ కూర్చున్న ప్రతివాళ్ళకూ తెలుసు. దాంట్లోంచి కులం తెలుస్తుంది, కులం తెలిస్తే పెళ్ళి కుదురుతుందా లేదా తెలుస్తుంది. పరువు పేరుతో సొంత బిడ్డల ప్రాణం తీసిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. నాటకంలోని వెరోనా ఊరి గొడవ ఆ ఒక్క మాటతో మన ఊళ్ళోకి వచ్చేసింది. పక్క సీట్లో ఉన్న పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇంతకీ నా ప్రశ్న: ఆ మొదటి వాక్యాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

జనగామ నుంచి:
సార్, ‘ఏల’ వాడితే? “రోమియో! నీవు రోమియోవేల?” పాతమాట, అర్థం కాదంటారేమో. మా బమ్మెర పోతన్న పద్యం రానివాళ్ళు ఈ జిల్లాలో తక్కువ. “పలికెద, వేరొండు గాథ బలుకగ నేలా” అంటాడు. అక్కడ ఆయన ఎవరి దగ్గరా జవాబు కోసం అడగడం లేదు, వేరే కథ అక్కర్లేదని చెబుతున్నాడు. జూలియట్ ప్రశ్న కూడా అలాంటిదే. ఎవరూ వినడం లేదనుకుని తనలో తాను అనుకుంటోంది. ‘ఎందుకు’ అంటే ఎదుటివాడు కారణం చెప్పాల్సి వస్తుంది, ‘ఏల’లో ఆ బలవంతం లేదు.

జమ్మికుంట నుంచి:
అన్నా, చదవడానికి ‘ఏల’ బాగుంది గానీ, పద్నాలుగేళ్ళు కూడా నిండని పిల్ల నోట్లో అతకదు. మా అమ్మాయైతే “నువ్వు రోమియోవు ఏంటికైనవ్?” అంటది. ఆ మాటకు ఎవరూ నవ్వరు.

నేనూ ఆ నాటకం చూశాను. మీరు చివరి సీన్ రాయలేదు. జూలియట్ చచ్చిపోయిందనుకుని రోమియో విషం తాగబోతుంటే ఆడవాళ్ళు “ఆగు బిడ్డా, బతికే ఉన్నది!” అని అరిచారు. ఒగ్గు కథ దగ్గర, చిందు భాగవతం దగ్గర మనవాళ్ళు పాత్రలతో ఇలాగే మాట్లాడతారు. ఆ అరుపు వినగానే నాకు ఏడుపొచ్చింది. 1748లో లండన్‌లో డేవిడ్ గారిక్ అనే నటుడు ఈ నాటకం వేసినప్పుడు, రోమియో ప్రాణం పోకముందే జూలియట్ లేచి మాట్లాడేట్టు మార్చాడు. మనవాళ్ళు అడిగింది దాదాపు అదే కదా.

కరీంనగర్ నుంచి:
‘పేరులో ఏముంది’ అని అందరం వాడేస్తాం, అది ఈ సీన్‌దే. గులాబీని ఏ పేరుతో పిలిచినా అదే వాసన అంటుంది జూలియట్. 1597 ప్రతిలో అక్కడ ‘పేరు’ అని ఉంటే, 1599 ప్రతిలో ‘మాట’ అని ఉంది. ఇంకో సంగతి: ఫారసీలో ‘గుల్’ అంటే పువ్వు, ‘ఆబ్’ అంటే నీళ్ళు. గులాబ్ అంటే పన్నీరు. మనం పన్నీటి పేరుతో పువ్వును పిలుస్తున్నాం, అయినా దాని వాసన అదే. జూలియట్ మాటకు తెలుగులోనే సాక్ష్యం దొరికింది.

మళ్ళీ నేను:
‘ఏల’ గురించి చెప్పింది నాకు బాగా నచ్చింది, కానీ ఈ పిల్లల నాటకమంతా వాడుక భాషలో ఉంది. అందుకే జమ్మికుంట అక్క మాటకే నా ఓటు: “రోమియో, రోమియో! నువ్వు రోమియోవు ఏంటికైనవ్?” పద్యనాటకంగా వేసేవాళ్ళు మాత్రం జనగామ సారు వాక్యమే తీసుకోవాలి.

పిల్లలకు ఇంకొకటి కూడా చెప్పాలి. మూడో అంకంలో రోమియో “నా పేరు ఈ ఒంట్లో ఏ చోట దాక్కుందో చెప్పండి, నరికేస్తాను” అని, తమకు పెళ్ళి చేసిన చర్చి ఫాదర్ ముందు కత్తి తీస్తాడు. వాళ్ళు ఆ సీన్ ఎత్తేశారు. మేడ మీద ఆమె అడిగిన ప్రశ్న అతన్ని ఎంత కోసిందో అక్కడే తెలుస్తుంది. మళ్ళీ వేసినప్పుడు నిడివి తగ్గించాలంటే విందులో డాన్సు తగ్గించుకోవచ్చు.