1,27,000 ఏళ్ల కిందటి వేసవుల్లో ఆర్కిటిక్‌లో మంచు ఉందా, లేదా?

బురదమనిషి: బ్రిటన్ వాళ్ల హాడ్‌జెమ్3 అనే వాతావరణ కంప్యూటర్ మోడల్ 2020లో 'లేదు' అన్నప్పటి నుంచి అందరిదీ అదే పాట. సముద్రం అడుగు బురదను ఎవరైనా అడిగారా? మంచును అంటుకుని పెరిగే డయాటమ్‌లు, అంటే కంటికి కనపడని నాచు జీవులు, ఐపీ25 అనే పదార్థాన్ని వదులుతాయి. నడి ఆర్కిటిక్‌లో ఆ కాలపు పొరల్లో అదీ లేదు, మామూలు నాచు గుర్తులూ దాదాపు లేవు. అంటే వెలుతురు దిగనంత దట్టంగా ఏడాది పొడవునా మంచు ఉన్నట్టే. 2017లోనే చెప్పారు ఈ మాట.

శారద_క: గుమ్మం ముందు చెప్పులు లేకపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుంటాం. మీరేమో అందరూ లోపల గొళ్లెం పెట్టుకుని పడుకున్నారంటున్నారు! ఆ పదార్థాలు ఇన్నేళ్లలో పాడైపోయి ఉండొచ్చుగా?

టీబంకు: మరి సముద్రమట్టం అప్పుడు 6 నుంచి 9 మీటర్లు ఎక్కువట కదా?

శారద_క: అది గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేల మీది మంచు కరిగి వచ్చిన నీళ్లండీ. తేలే మంచు కరిగితే మట్టం పెద్దగా పెరగదు.

బురదమనిషి: దారి తప్పించకండి. ఆ కాలాన్ని చాలా మోడళ్లతో లెక్కగట్టిన ప్రయోగంలో ఎక్కువ మోడళ్లు మంచు మిగిల్చాయి. మీరు పట్టుకున్నది మాత్రం ఆ ఒక్కదాన్నే.

శారద_క: అది మంచు మీది నీటి మడుగులను కూడా లెక్కలోకి తీసుకుంది. మడుగు ఎండను తాగేస్తుంది, మంచు ఇంకా కరుగుతుంది. పైగా 2023లో నడి ఆర్కిటిక్ బురదలోనే మంచులేని అట్లాంటిక్ నీళ్లలో బతికే గుల్లజీవి దొరికింది. అదీ బురదేనండి!

బురదమనిషి: ఆ పొర వయసు తేలిందా? అక్కడ వెయ్యేళ్లకు పేరుకునేది సెంటీమీటరో, రెండో. నాలుగేళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చుని గుల్లలు లెక్కపెట్టాను. ఓ సదస్సులో మోడల్ నడిపే ఆయన 'మా కంప్యూటర్ లెక్కతో కలవట్లేదు' అని నా పోస్టర్ ముందే నవ్వాడు.

శారద_క: ఆయన నవ్వితే నేనేం చేయను? మీ బురదలో ఏ గుర్తూ దొరకని ఆ సున్నాకు జవాబు చెప్పండి.

బురదమనిషి: మీకేం, స్క్రీన్ ముందు కూర్చుని ఎన్నైనా అంటారు!

గోదారిగట్టు: అన్నా, మరీ అంత కోపమా? ఇంకేదో ఉంది.

బురదమనిషి: ఉంది. మా బావ ఇంటి గ్రూపులో రోజూ పెడతాడు, 'కార్లు లేనప్పుడే కరిగింది, ఇప్పుడెందుకీ గోల' అని. మీరంతా వాడికి బలం ఇస్తున్నారు.

శారద_క: ముందే చెప్పొచ్చుగా ఆ మాట! అప్పుడు భూమి వంపు, కక్ష్య వల్ల ఉత్తరానికి వేసవి ఎండ ఎక్కువ పడింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం (పది లక్షల పాళ్లలో 280) లోపే. ఇప్పుడు 420 దాటింది. అంత తక్కువలోనే కరిగిందంటే ఇప్పుడు భయం పెరగాలి కానీ తగ్గకూడదు. మీ బావగారికి అది పంపండి. ఆయన కోసం సున్నాను మంచు అని రాయమంటే మాత్రం నేను రాయను.

బురదమనిషి: రాయమనలేదు. పంపుతాను. కానీ ఆ గుల్ల పొర వయసు దగ్గర నేను తగ్గను.